పది చెట్ల బీటు

శనివారం సాయంత్రానికి గంప నిండకూడదు. ఒప్పందం అంతే.

గంప వెదురుది. చిలకలు కొరికి పడేసిన లిచీ పళ్లను ఏరి, ఏ రోజువి ఆ రోజు సాయంత్రానికి అందులో పొయ్యాలి. శనివారం రాలినవి అంచు దాటితే ఆదివారం పొద్దున చెట్ల మీద వల వేస్తారు. దాటకపోతే వెయ్యరు. వల అప్పటికే సిద్ధంగా ఉంది, పోయిన ఏటిదే. తోట యజమాని వరాహనరసింహం మాస్టారి వరండాలో, గోనెసంచిలో, మూతి కట్టి ఉంది.

ఒప్పుకున్నవాడు అప్పలకొండ. అరవై అయిదేళ్లవాడు. రైల్వేలో కీమేన్‌గా రిటైరయ్యాడు.

కీమేన్ తన వంతు లైను మీద రోజూ నడుస్తాడు. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పులు ఊడివస్తే సుత్తితో కొట్టి బిగిస్తాడు. భుజాన సంచి, సంచిలో పాన, రెండు జెండాలు. నడిచే దూరాన్ని బీటు అంటారు. బీటు ఒకే వేళకు మొదలవ్వాలి. ఫలానా గంటకు కీమేన్ ఫలానా రాయి దగ్గర ఉంటాడని పైవాళ్లకు తెలిసి ఉండాలి. అప్పలకొండ పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో పన్నెండేళ్లు చేసి, తర్వాత ఇరవై రెండేళ్లు అలా నడిచాడు. రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆడవాళ్లు అతని సైకిలు చప్పుడు విని పొయ్యి వెలిగించేవారు.

అతని తండ్రి టెక్కలి వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో గ్యాంగు పనిలో చేరాడు. అప్పలకొండ ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, పని మీద హిందీ. ఇప్పుడు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. భార్య పోయి ఆరేళ్లు.

ఒక జనవరి ఉదయం, అతని బీటులో పట్టా విరిగి వేలు దూరేంత సందు పడింది. ఎర్రజెండా పాతి, మంచులో ఎదురు పరుగెత్తి బండిని ఆపాడు. తర్వాత అధికారి ఎలా కనిపెట్టావని అడిగితే, "టైముకి అక్కడున్నాను సార్" అన్నాడు. అంతకు మించి చెప్పడానికి తనకేమీ కనిపించలేదు.

వరాహనరసింహం మాస్టారు రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. పూరీ గేట్ దాటాక, లైను పక్కన ఆయనకు కొంత నేల ఉంది. పది లిచీ చెట్లు, అయిదేసి చొప్పున రెండు వరసలు. కంచె, కంచె అవతల గుంట, గుంట అవతల లైను. రాత్రి గబ్బిలాలు రాకుండా చెట్టుకొక బల్బు వెలుగుతుంది. పగలు చిలకలు వస్తాయి. చిలక ఒక పండును రెండు ముక్కలు కొరికి వదిలేసి ఇంకో పండు మీద వాలుతుంది. ఒక గుంపు వాలి లేస్తే చెట్టు కింద నేల ఎర్రగా ఉంటుంది.

పోయిన ఏడు మాస్టారు వల వేయించాడు. కారెంట్ జాల్ అంటారు. అందులో కరెంటు ఉండదు. దారం తలవెంట్రుకంత సన్నం, పక్షికి కనిపించదు. చిక్కిన చిలక అరుస్తుంది. ఆ అరుపుకు మిగతావి వస్తాయి. వచ్చినవీ చిక్కుతాయి. వాటిని విడిపించే పని అప్పలకొండకు పడింది. వల కొయ్యవద్దని, మళ్లీ ఏటికి కావాలని మాస్టారు చెప్పాడు. అతను కూర్చుని ఒక్కొక్క ముడే విప్పాడు. రెక్క విడిపించేసరికి మెడ బిగిసేది. పదకొండు చిలకలు అతని చేతుల్లోనే ఆగిపోయాయి. మిగతావి అతను వెళ్లేసరికే అయిపోయాయి. వాటిని గుంటలో పూడ్చాడు.

అందుకే ఈ ఏడు, పళ్లు రంగు తిరగకముందే మాస్టారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఈయేడు వల ఒద్దండి. పగలంతా నేను సూసుకుంటాను."

"పది చెట్లు ఒక్కడివి చూస్తావా?"

"ఆరు కిలోమీటర్లు సూసినానండి ఒక్కణ్ణీ."

మాస్టారు నవ్వి ఒప్పుకున్నాడు. పది రోజులు పోయాక, ఒక ఆదివారం, చెట్ల కింద చూసి నవ్వలేదు. ఆ రోజు పళ్లు గంపన్నర ఉన్నాయి.

"కొండా, నువ్వు కూర్చోవడం లేదని నాకు తెలుసు. కానీ పళ్లు ఉండడం లేదు. కోతకి ఇంకా పన్నెండు రోజులుంది. శనివారం దాకా చూస్తాను. ఆ రోజు రాలినవి ఒక్క గంపలో పట్టాలి. పట్టకపోతే వల."

"ఠీక్ హై మాస్టారూ."

"నేను నీ మీద కోపంతో అనడం లేదు."

"తెలుసండి."

ఆయనకు పళ్లు కావాలి. అందులో తప్పు లేదు.

సోమవారం అప్పలకొండ తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టాడు. ప్రతి చెట్టుకూ ఒక రేకుముక్క వేలాడుతోంది. ఒకటో చెట్టు దగ్గర మూడు దెబ్బలు, రెండో చెట్టు దగ్గర మూడు దెబ్బలు. అయిదు దాటాక మలుపు తిరిగి ఆరు, ఏడు, ఎనిమిది. పదో చెట్టు అయ్యాక తోటలోని కాపలా పాకలో నాలుగు నిమిషాలు. మళ్లీ ఒకటి. ఒక్క చెట్టు వదల్లేదు, ఒక్క దెబ్బ తగ్గించలేదు. సాయంత్రం గంప నిండాక మిగిలిన పళ్లు పైన కుప్పగా పోశాడు.

మంగళవారం వేగం పెంచాడు. పాకలో ఆగడం మానేశాడు. మోకాలు వాచింది. సాయంత్రం గంప నిండింది, కుప్ప ఇంకా పెద్దదయింది.

ఎలీసమ్మ పాక ముందు కూర్చుని గుత్తులు కట్టడానికి పురికొస ముక్కలు కత్తిరిస్తోంది. ఆమె భర్త జ్ఞానరత్నం, అప్పలకొండ ఒకే గ్యాంగులో పనిచేశారు. జ్ఞానరత్నం పోయాక ఆమె ఏటా లిచీ కోతకు ఇక్కడికి వస్తుంది. రెండు రోజులుగా ఆమె కత్తెర ఆపి ఆపి చెట్ల వైపు చూస్తోంది.

"కొండన్నా, ఒక మాట సెప్తాను. కోపం తెచ్చుకోవు కదా?"

"తెచ్చుకుంటే మానేస్తావేటి?"

"నువ్వు ఆరో సెట్టుకాడున్నప్పుడు అయి ఒకటో సెట్టు మీదుంటన్నాయి. నువ్వు ఒకటికొస్తే అయి ఆరుకెల్తన్నాయి. ముందు నువ్వు, ఎనకాతల అయి. పెళ్లి ఊరేగింపు నాగుంది."

"రేకు కొడితే ఎగరతన్నాయి కదే."

"ఎగరతన్నాయి. నువ్వు దాటిపోయిన సెట్టుకి. నీ డ్యూటీ ఆటికి కంఠతా వొచ్చేసింది. రేపట్నుంచి నీ అటెండెన్సు అయ్యే ఏస్తాయి."

అతను కర్ర నేలకు కొట్టాడు.

"ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఒక్కనాడు టైము తప్పనేదు నేను."

"అదే సెప్తన్నాను. ఒక్కనాడైనా తప్పుంటే బావుణ్ణు."

అతను కర్ర పాకకు ఆనించాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున రేకు కొట్టకుండా ఆరో చెట్టు దగ్గర నిలబడి వెనక్కి చూశాడు. ఒకటో చెట్టు మీద ఆకులు కదిలాయి. పచ్చటి ఆకుల్లో పచ్చటి పక్షులు కనిపించలేదు. పళ్లు రాలడం కనిపించింది. ఒకటి, రెండు, తర్వాత వరసగా. ఆమె చెప్పింది నిజం.

బీటు మార్చాలి. అతను మూడో చెట్టు నుంచి మొదలుపెట్టాడు. కాళ్లు నాలుగుకు వెళ్లాయి. ఆగి, తిరిగి, తొమ్మిదికి వెళ్లాడు. అక్కణ్ణించి పదికి వెళ్లాడు. మనసులో లెక్క చెరిపేద్దామనుకున్నాడు. సరి సంఖ్యలు ముందు, బేసి సంఖ్యలు తర్వాత వచ్చాయి. అది కూడా వరసే. చిలకలకు ఆ వరస తెలియడానికి గంట పట్టింది. ఒళ్లంతా చెమటతో కంచె పక్కన నిలబడ్డాడు. తప్పుగా నడవడం తనకు రాదు.

అప్పుడు గూడ్సు ఒకటి వచ్చింది. బొగ్గు ఖాళీ డబ్బాలు. అలవాటుగా ఇంజను మీద నంబరు చదివాడు. అయిదు అంకెలు, చివర ఏడు.

గూడ్సుకు టైమ్ టేబుల్ లేదు. దారి దొరికినప్పుడు వస్తుంది. అది ఎప్పుడొస్తుందో స్టేషను మాస్టరుకే సరిగ్గా తెలియదు. చిలకకు తెలిసే దారి లేదు.

అతను ఏడో చెట్టుకు వెళ్లి రేకు కొట్టాడు.

పావుగంటకు ఇంకొకటి వచ్చింది. చివర రెండు. రెండో చెట్టు. వెంటనే వెనకాలే మరొకటి, మళ్లీ రెండు. రెండో చెట్టు మీద అప్పుడే వాలిన గుంపు అరుచుకుంటూ లేచి లైను దాటి వెళ్లింది. సున్న వస్తే పదో చెట్టు. బండికీ బండికీ మధ్య పాకలో కూర్చున్నాడు. కూర్చోవడం తప్పుగా అనిపించింది. అయినా కూర్చున్నాడు.

"ఏటన్నా, ఇంజను నంబరు సూసి నడస్తన్నావా?" అంది ఎలీసమ్మ. "సర్వీసులో ఉండగా ఇలాగ సేసుంటే నిన్ను ఇంటికి పంపుదురు."

"అందుకే అప్పుడు సెయ్యనేదు."

ఆ సాయంత్రం గంప ముప్పావు నిండింది. గురువారం సగం. శుక్రవారం సగానికి కొంచెం పైన. మాస్టారు శుక్రవారం వచ్చి చూసి, ఏమీ అనకుండా అప్పలకొండ భుజం తట్టి వెళ్లాడు.

శనివారం పొద్దున బాగా నడిచింది. పది గంటలకు గంప అడుగున రెండు పొరలు మాత్రమే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు చిలకలు రాలేదు. రెండున్నరకు ఒక గూడ్సు వెళ్లింది, చివర నాలుగు. నాలుగో చెట్టు దగ్గర రేకు కొట్టి వచ్చి పాకలో కూర్చున్నాడు.

మూడయింది. బండి రాలేదు.

దూరంగా లైను మీద నారింజ రంగు కోట్లు కనిపించాయి. లైను పైన కరెంటు తీగలు బాగుచేసే బండి ఒకటి స్తంభం కింద ఆగి ఉంది. బ్లాక్ తీసుకున్నారు. కరెంటు ఆపి, బండ్లు ఆపి పని చేసుకుంటారు. అప్పలకొండకు అది కొత్త కాదు. పట్టా మార్చడానికి అలాంటి బ్లాక్‌ల కోసం గ్యాంగుతో కలిసి గంటలు గంటలు ఎదురు చూశాడు. బ్లాక్ ముగిసేదాకా ఏ బండీ కదలదు. అతను కర్ర ఒళ్లో పెట్టుకుని లైను వైపు చూస్తూ కూర్చున్నాడు.

మూడుంపావు. మొదటి గుంపు వచ్చి తీగల మీద వాలింది. కరెంటు తీసిన తీగ వాటి బరువుకు మెల్లగా ఊగింది. ఇంకో గుంపు వచ్చింది. అవీ అతని వైపే చూస్తున్నట్టున్నాయి. అతను లైను వైపు చూస్తున్నాడు.

మూడున్నర. తీగ ఖాళీ అయింది.

"కొండన్నా!" ఎలీసమ్మ తోట లోపల్నించి పరుగెత్తుకొచ్చింది. "ఏటలాగ కూకున్నావు?"

"బండి రానేదు."

"బండి రాపోతే? సిలకలొచ్చినాయి కదా!"

అతను లేచాడు. పది చెట్లూ కదులుతున్నాయి. గాలి లేదు. పళ్లు రాలే చప్పుడు, మొదటి వాన చినుకుల్లా, అన్ని వైపుల నుంచీ వస్తోంది. అతను అరుస్తూ పరుగెత్తాడు. ఏ చెట్టు ముందో ఏ చెట్టు వెనకో చూడలేదు. కర్రతో రేకును కొట్టాడు, కొమ్మను కొట్టాడు, గాలిని కొట్టాడు. ఎలీసమ్మ పళ్లెం, గరిటె పట్టుకుని రెండో వరసలోకి దూరింది. "పో! పో! హుష్! మీ అమ్మా కడుపు మాడా!" అంటూ కొట్టింది. గుంపు లేచి, తోట మీద ఒక చుట్టు తిరిగి, పడమటికి పోయింది.

నాలుగున్నరకు బ్లాక్ ముగిసింది. అయిదింటికి గూడ్సు వచ్చింది. అతను నంబరు చూడలేదు.

ఇద్దరూ పళ్లు ఏరారు. గంప నిండుతూ వచ్చింది. ఎనిమిదో చెట్టు కిందికి వచ్చేసరికి అంచుకు రెండు వేళ్లు తక్కువగా ఉంది. ఇంకా రెండు చెట్లున్నాయి.

ఎలీసమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"కొన్ని గడ్డిలో ఉండిపోయినాయనుకో. గడ్డి ఇంతెత్తుంది. మాస్టారు ఒంగి సూస్తాడేటి?"

అతను గంపను తొమ్మిదో చెట్టు కిందికి జరిపాడు.

"నా కోసం కాదన్నా. ఆ నోరులేనివాటి కోసం సెప్తన్నాను. దేవుడు కూడా ఏటీ అనడు."

అప్పలకొండ గడ్డిలో చెయ్యి పెట్టాడు. వేళ్లకు ఒక పండు తగిలింది. దాన్ని పట్టుకున్నాడు. విరిగిన పట్టాను చూసి చూడనట్టు వెళ్లిపోయే కీమేన్ ఒకడుండవచ్చని ఇరవై రెండేళ్లలో అతనికి ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు తోచింది. వలలో మెడ బిగిసిన చిలక కూడా కళ్ల ముందు కనిపించింది. రెండూ ఒక్కసారే కనిపించాయి.

"ఏరు," అన్నాడు. పండును గంపలో వేశాడు.

చీకటి పడకముందే మాస్టారు వచ్చాడు. గంప మీద అరచెయ్యి బోర్లించి అంచు నుంచి అంచుకు జరిపాడు. నాలుగు పళ్లు దొర్లి కింద పడ్డాయి.

"దాటింది కొండా."

"దాటిందండి."

"నాలుగు పళ్లు."

"నాలుగేనండి."

మాస్టారు వెంటనే కదల్లేదు. అప్పలకొండ ఏదైనా అడిగితే ఏమనేవాడో ఆయనకే తెలియదు. అప్పలకొండ ఏమీ అడగలేదు.

"రేపు పొద్దున మనుషుల్ని తెస్తాను," అన్నాడు మాస్టారు.

"ఎవులూ ఒద్దండి. నేనే కడతాను. సాయంత్రం అంచులు పైకి సుట్టేస్తాను, పొద్దున్న దించుతాను. రాత్రికెలాగూ బల్బులున్నాయి."

"సరే. ఇంక నువ్వు పగలంతా పడిగాపులు పడక్కర్లేదు. వల వేసిన తోటకి కాపలా దేనికి?"

"తోటకి కాదండి," అన్నాడు అప్పలకొండ.

ఆదివారం పొద్దున అయిదింటికి చెట్ల మీద వల దిగింది. ఎండ పడితే తప్ప అది ఉన్నట్టు తెలియదు. అప్పలకొండ చొక్కా జేబులో, కాగితంలో చుట్టిన సగం బ్లేడు ఉంది. కొడుకు గెడ్డం గీసుకునేది.

మొదటి పక్షి అతనికి అందలేదు. పిగిలిపిట్ట, చిన్నది. అయిదో చెట్టు అవతలి పక్క చిక్కింది, అరవలేదు. అతను చూసేసరికి తల వేలాడిపోయింది. దాన్ని కోసి తీసి చేతిలో పెట్టుకుని, ఎక్కడ నిలబడి ఉంటే దీన్ని ముందే చూసేవాడినో ఆ చోటు వెతికాడు. దొరికింది. అక్కణ్ణించి మూడు చెట్లు కనిపిస్తాయి. ఇంకో చోటు నుంచి నాలుగు.

తర్వాత చిలక చిక్కింది. మొదటి అరుపుకే అతను వల దగ్గర ఉన్నాడు. చుట్టూ ఉన్న దారాలను బ్లేడుతో ఒక్క గీత గీశాడు. చిలక, దాని కాళ్లకు చుట్టుకున్న వల ముక్క, రెండూ చేతిలోకి వచ్చాయి. అది అతని బొటనవేలు కొరికింది. వదల్లేదు. అతను కూడా వదలకుండా, మెడ చుట్టూ, రెక్క కింద, గోళ్ల మధ్య దారాలు తీసేశాడు. చెయ్యి తెరిచాడు. వేలి నుంచి రక్తం మోచేతి దాకా కారింది. చిలక లైను దాటి వెళ్లింది.

ఆ రోజు ఏడు చిక్కాయి. సోమవారం నాలుగు. అతను ఇప్పుడు గడియారం చూడటం లేదు, బండి చూడటం లేదు. చిలకల్ని చూస్తున్నాడు. గుంపు రాకముందు ఒకటి వస్తుంది. అది తీగ మీద వాలి, మెడ వంచి, ఏ చెట్టును చూస్తుందో ఆ చెట్టుకే గుంపు దిగుతుంది. అతను ఆ ఒక్కదాని మెడ వైపు చూసి ఆ చెట్టు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. గుంపు సగం దూరం వచ్చి తిరిగి పోయేది. మంగళవారం రెండే చిక్కాయి. బుధవారం ఒకటి.

ఎలీసమ్మ అతని వేలికి గుడ్డ కడుతూ గట్టిగా లాగింది.

"ఈ నడక మొన్న శనివారం నడిసుంటే గంప నిండుణ్ణా?"

"మొన్న నాకు రాదు."

"ముసిలోడివై నేరస్తన్నావు."

"నువ్వు నెమ్మదిగా కట్టు ముందు."

గురువారం ఒక్కటీ చిక్కలేదు. చెట్ల మీద నుంచి చూపు తిప్పక, ఆ రోజంతా అతను తిండి తినలేదు. నాలుగింటికి ఆకాశం నల్లబడి, గాలివాన వచ్చి, వల ఒక పక్క తెగి జెండాలా కొట్టుకుంది. అతను తడుస్తూ దాన్ని రెండు చేతులా పట్టుకుని చెట్టు మొదలుకు కట్టాడు. వానలో తలదాచుకోవడానికి ఏ పిట్టయినా అందులోకి దూరుతుందేమోనని వాన వెలిసేదాకా కిందే నిలబడ్డాడు.

శుక్రవారం కోత. పది చెట్ల పళ్లూ గుత్తులుగా, ఆకులతో సహా, బుట్టల్లోకి వెళ్లాయి. మాస్టారికి సంతోషంగా ఉంది. పోయిన ఏటికన్నా ఎక్కువే వచ్చాయి. మధ్యాహ్నానికి వల దించి నేల మీద పరిచారు.

మాస్టారు దాని చుట్టూ నడిచాడు. ఒకచోట వంగి చెయ్యి పెట్టాడు. చెయ్యి మోచేతి దాకా దూరింది. ఇంకోచోట తల పట్టేంత రంధ్రం ఉంది. ఆయన నడుం ఎత్తి వలంతా కలయచూశాడు. ఎక్కడ చూసినా కోసిన గీతలే.

"కొయ్యొద్దని నీకు చెప్పాను కదా కొండా."

"పోయినేడు సెప్పినారండి."

"ఈ ఏడు మళ్లీ చెప్పాలా? చిక్కు విప్పొచ్చు కదా."

"ఇప్పేలోపు ప్రాణం ఆగదండి. పోయినేడు ఇప్పినాను."

బుట్టలు ఎత్తే బండి గేటు బయట హారను కొట్టింది. మాస్టారు అటు చూడలేదు. అప్పలకొండ బొటనవేలికి కట్టిన గుడ్డ వైపు చూశాడు. దాని మీద మరక నల్లబడి ఉంది.

"ఈ వల ఇంక దేనికీ పనికిరాదు," అన్నాడు మాస్టారు.

"రాదండి."

"ఎన్నిచోట్ల కోశావు?"

అప్పలకొండ నేల మీద పరిచి ఉన్న వల వైపు చూశాడు. అతను సర్వీసులో ఉన్నన్నాళ్లూ, రోజూ ఎన్ని క్లిప్పులు కొట్టాడో సాయంత్రానికి రాసి సంతకం పెట్టేవాడు.

"లెక్కెట్టనేదండి," అన్నాడు.